మొకం నాది, ఫోటో నాది కాదు

తాండూరు,
జూన్ 18

బిడ్డా అంజలీ,

నా చేతిరాత చూసి నవ్వకు. ఫోన్ పక్కనే ఉన్నది. అయినా కాయితం మీదనే రాస్తున్న. ఆ ఫోన్ల నీ గొంతు ఇనవడితే ఇప్పుడు నాకు నువ్వేనా కాదా అని అనుమానం వస్తున్నది.

శుక్రవారం పగటీలి ఫోన్ వచ్చింది. ఏదో కొత్త నంబరు. ఎత్తితే నువ్వే. "చిన్నమ్మా, దెబ్బ తాకింది, దవాఖానల ఉన్న, జల్ది రా" అన్నవు. ఏడుపు సుత నీదే. సగం కుట్టిన జాకెట్ మిషిన్ మీదనే ఇడిసిపెట్టి, దుకాణం షట్టర్ దించకుంట, ఫోన్ ఆడనే మర్సిపోయి స్టేషన్‌కు ఉరికిన. రైల్ల ఒక్కతీరుగ ఏడిస్తే పక్కన కూసున్న ముసలామె నీళ్ళు తాపింది. వికారాబాద్‌ల దిగి దవాఖానంత ఎతికిన. ఏ మంచం మీద చూసినా నువ్వు లేవు. ఆఖరుకు ఠాణాకు పోయి అడుగుదామని పోతే, నువ్వు బయట బల్ల మీద కూసొని మిర్చిబజ్జి తినుకుంట ఉన్నవు!

"ట్రైనింగ్‌ల నేర్పిండ్రు చిన్నమ్మా. నా గొంతు ముక్క ఇస్తే మిషినే మాట్లాడింది. నువ్వు గుర్తు పడ్తవో లేదో చూద్దామనుకున్న" అన్నవు. చెప్పు తీసి కొడుదును. నీ ఒంటి మీద ఖాకీ ఉన్నదని ఊకున్న.

బడికని మీ అమ్మ నిన్ను నా ఇంట్ల దించినప్పటి సంది నువ్వే నాకు పెద్దబిడ్డవు, నేను కన్న సహస్ర చిన్నబిడ్డ. నీ గొంతు నాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది అనుకున్న. గా ధీమా పోయింది. ఇగ నుంచి ముఖ్యమైన ముచ్చట ఏదున్నా చేత్తోని రాయి. నీ కోడిగీతలు ఏ మిషిన్‌కూ రావు.

చిన్నాయిన బండల ఫ్యాక్టరీకి పోతున్నడు, మంచిగనే ఉన్నడు. సహస్ర మాత్రం ఈ సంగతి ఇని పడి పడి నవ్వుతున్నది. ఇద్దరూ ఒక్కటే బాపతు.

నీ చిన్నమ్మ
మల్లీశ్వరి


వికారాబాద్,
జులై 2

చిన్నమ్మకు దండాలు.

తప్పయింది. ఆ మిషిన్ ఫోన్ పెట్టంగనే నేను సొంతంగ నీకు చేసిన, "ఉత్తగనే, పరీక్ష చేసిన" అని చెప్దామని. నీ ఫోన్ దుకాణంల మోగుతనే ఉన్నదాయె. నిన్ను చూసినప్పుడు నవ్వు వచ్చింది గానీ, నువ్వు రైలెక్కి పోయినంక రాలేదు. నన్ను సాదిన మనిషే గుర్తు పట్టకపోతే, ఊర్లల్ల మందికి ఏం చెప్పాలె అనిపించింది.

ఇప్పుడు నా మీద పడ్డ పని సరిగ్గ అదే. ఏఐ అంటరు గదా, ఆ కంప్యూటర్ తెలివితోని కొత్త నేరాలు మొదలైనయి. గొంతులు చేస్తున్నరు, మొకాలు చేస్తున్నరు, లేని వీడియోలు పుట్టిస్తున్నరు. ఊరూరు తిరిగి జనానికి చెప్పుమని మా సారు నన్ను, విజయ్‌కుమార్ అనే ఇంకో కానిస్టేబుల్‌ను పెట్టిండు. విజయ్‌కుమార్‌కు కంప్యూటర్ మంచిగ వస్తది. మాట్లాడుడే నా పని.

మొదటి సభ పరిగిల అయింది. పాడుగాను! తెర మీద బొమ్మలు పెట్టి, "డీప్‌ఫేక్" అంటే ఇది, "వాయిస్ క్లోనింగ్" అంటే ఇది అని అప్పజెప్పిన. ముందు వరుసల ఒకాయన గురక పెట్టిండు. ఒకామె లేచి, "పింఛన్ల గురించి చెప్తరంటే వచ్చిన, ఎప్పుడు చెప్తరు?" అన్నది.

మంచిగయింది ఒక్కటే, ఫ్లెక్సీ. చిన్నాయిన అక్క, దోమ ఊర్ల ఉండే హన్మమ్మత్త కొడుకు సంతోష్ పరిగిల ఫ్లెక్సీల దుకాణం పెట్టిండు గదా, ఆయనే డిజైన్ చేసి కొట్టించిండు. "అబద్ధపు ఫోటోలతో జాగ్రత్త" అని ఎర్ర అక్షరాలు. సొంతోళ్ళ దగ్గర పైసలు తీసుకోనన్నడు. సహస్ర ఎట్లున్నదని అడిగిండు. పోయినేడు సహస్రకు ఆయన సంబంధం మనం వద్దన్నా మనసుల ఏం పెట్టుకోలేదు, మంచోడే అనుకున్న.

వచ్చే సభకు ఏం చెయ్యాలె చిన్నమ్మా? నువ్వు నోటితోనే ఎంత మంది గిరాకీని ఆపుతవు, జర ఉపాయం చెప్పు.

నీ
అంజలి


తాండూరు,
జులై 9

అంజలీ,

కుట్టుపని నేర్పమని వచ్చిన పిల్లలకు నేను కత్తెర పేరు, సూది పేరు చెప్పుకుంట కూసోను. వాళ్ళ ముందలనే గుడ్డ కత్తిరిస్త. అయ్యో కోసిందని దగ్గరికి జరుగుతరు. అప్పుడు కండ్లు పెద్దగ చేసి చూస్తరు.

నువ్వు సుత నాకు చేసినట్టే వాళ్ళకు చెయ్యి. కాకపోతే నా లెక్క ఏడిపియ్యకు, నవ్విపియ్యి. నవ్వినంక వాళ్ళే భయపడ్తరు. భయపడ్డంక ఇంటరు.

ఎవరి గొంతు తీసుకున్నా అడిగి తీసుకో. నన్ను అడగనందుకే అంత కోపం వచ్చింది.

సహస్ర డిగ్రీ అయినంక హైదరాబాద్‌ల పీజీ చేస్తనంటున్నది. చిన్నాయిన ఊఁ అన్నడు. నేను అననట్టు చేసి అన్న.

మల్లీశ్వరి


వికారాబాద్,
ఆగస్టు 3

చిన్నమ్మా,

నువ్వు గెలిచినవు!

పరిగి అవతల ఒక ఊర్ల సభ పెట్టినం. తెర లేదు, బొమ్మలు లేవు. మందిల గొర్లు కాసే దేవప్ప తాత ఉన్నడు. "తాతా, నీ గొంతు నాకు జరసేపు ఇస్తవా?" అని అడిగిన.

"గొంతు నీకిస్తే నేను దేనితోని మాట్లాడాలె?" అన్నడు. అందరు నవ్విండ్రు. ఆయన ఒప్పుకున్నంక ఫోన్ ముందల పెట్టినం. ఆయన గొర్ల కాళ్ళకు, నోటికి వచ్చే గాళ్ళరోగం గురించి, ఏ ఆకు నూరి పెట్టాలెనో, ఓపికగ చెప్పిండు. విజయ్‌కుమార్ అది కంప్యూటర్‌ల ఏసిండు. ఛాయ్ తాగేలోపల మైకుల దేవప్ప తాత గొంతు వచ్చింది.

"ఎంకమ్మా, మన గొర్లన్నీ బీరన్నకు ఇచ్చేసిన. నువ్వు గూడ ఒప్పుకో."

ఎంకమ్మవ్వ ఆయన భార్య. దిగ్గున లేచి పక్కనే నోరు మూసుకొని కూసున్న మొగని మీదికి పోయింది. "ఎవరినడిగి ఇచ్చినవు? నా తల్లిగారు పెట్టిన గొర్లు సుత ఉన్నయి అండ్ల!"

"నేను నోరే ఇప్పలేదే!" అని తాత మొత్తుకునుడు. ఇంకో దిక్కు వాళ్ళ పక్కింటి బీరన్న, "మాట అంటే మాటే, రేపే తోలుకపోత" అని లేచిండు. ఎంత నవ్వుకున్నరో! నవ్వు ఆగినంక ఎవరి ఫోన్ దిక్కు వాళ్ళు భయంగ చూసుకున్నరు. నువ్వు చెప్పినట్టే.

అప్పుడు అడిగిన, "అవ్వా, మాట్లాడింది మీ ఆయన కాదని ఎట్ల గుర్తు పట్టాలె?"

ఆమె ఆలోచన చేసి, "పెండ్లయినప్పటి సంది నన్ను ఒక్కనాడు పేరు పెట్టి పిలువలే ఈయన. 'ఇగో' అంటడు, లేకపోతే 'యాడున్నవే' అంటడు. ఎంకమ్మా అన్నప్పుడే నాకు మతికి రావాలె" అన్నది.

అక్కడి నుంచి నా పని అల్కగ అయింది. ఎవరన్నా పరేషాన్ పెట్టి జల్ది జల్ది అన్నరంటే అదే మొదటి గుర్తు అని చెప్పిన. ఫోన్ పెట్టేసి, మీకు ముందు నుంచి తెలిసిన నంబరుకు మీరే చెయ్యుండ్రి, ఇంట్లోళ్ళకు తప్ప ఎవరికి తెల్వని ముచ్చట ఒకటి అడుగుండ్రి అన్న. పైసలు పోతే ఆలస్యం చెయ్యకుంట సైబర్ నేరాల నంబరు 1930కి చెయ్యుమన్న. పోయేటప్పుడు ఆడోళ్ళు నన్ను బండి ఎక్కనియ్యలే. "మా పిల్లల ఫోటోలతోని గూడ గిట్ల చేస్తరా?" అని అడిగిండ్రు. చేస్తరు, వచ్చే సభల అదే చెప్త అన్న.

సహస్రను రాయుమను. రాఖీ పండుగకు ఇంటికి నేను రాలేనేమో, కోపం చెయ్యొద్దను.

నీ
అంజలి


తాండూరు,
ఆగస్టు 20

అంజలికి,

నీ ఉత్తరం అందింది. సభ మంచిగయినందుకు సంతోషం.

ఒక సంగతి అడుగుదామని రాస్తున్న. మా వాడకట్టుల ఒక పిల్ల ఉన్నది. నీకు తెల్వదు, కొత్తగ కిరాయికి వచ్చినోళ్ళు. ఆ పిల్లకు ఇన్‌స్టాగ్రాంల ఎవడో పేరు లేనోడు ఫోటోలు పంపిండు. మొకం ఆ పిల్లదే. ఒంటి మీద నూలుపోగు లేదు. పిల్ల గట్ల ఎన్నడు దిగలేదు, నా చెయ్యి పట్టుకొని ఒట్టు పెట్టింది. తనతోని రోజు వీడియోల మాట్లాడాలె, చెప్పినట్టు ఇనాలె, లేకపోతే కాలేజీల అందరికి పంపుత అంటున్నడట.

తండ్రికి ఇంక చెప్పలే. ఫోన్ పలగ్గొట్టి, పిల్లను కొన్ని రోజులు చుట్టాల ఊరికి పంపితే సద్దుమణుగుతదని తల్లి అనుకుంటున్నది. చదువు ఒక ఏడు ఆగితే ఏమైతది అంటున్నది. నువ్వేమంటవు?

నువ్వు ఫోన్ చెయ్యకు. దుకాణంల గిరాకి మస్తుంది, మాట్లాడ రాదు.

మల్లీశ్వరి


వికారాబాద్,
ఆగస్టు 22

చిన్నమ్మా,

విజయ్‌కుమార్ డ్యూటీ మీద తాండూరు వస్తున్నడు, ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్న. ఆ పిల్ల తల్లికి ఇది చదివి వినిపియ్యి.

అన్నిటికంటే ముందుగాల ఆ పిల్లను దగ్గర కూసోపెట్టుకొని, "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు" అని చెప్పాలె. కొట్టుడు, తిట్టుడు, ఫోన్ ఎందుకు చూసినవని అడుగుడు వద్దు. భయం పెట్టెటోడు బతికేదే ఆ భయం మీద. పిల్లకు ఇంట్ల కాలు పెట్ట జాగ ఉంటే వాని బలం సగం పోతది.

ఫోన్ పలగ్గొట్టొద్దు. సాక్ష్యమంత అండ్లనే ఉన్నది. వాడు పంపినవి ఒక్కటి గూడ తీసెయ్యొద్దు. వాని అకౌంట్ పేరు, వాడు రాసిన మాటలు కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తియ్యిండ్రి. జవాబు ఇయ్యొద్దు. ఒక్కసారి వాడు చెప్పినట్టు ఇంటే ఇడిసిపెడ్తడు అనుకునేరు, ఇడువడు, ఇంకోటి అడుగుతడు. ఠాణాల ఫిర్యాదు ఇయ్యొచ్చు, ఆడోళ్ళ కోసమే ఉన్న పోలీస్ షీ టీంకు చెప్పొచ్చు, సైబర్ నేరాల పోర్టల్‌ల రాయొచ్చు. ఆడ పోలీసుతోనే మాట్లాడుత అనే హక్కు ఆ పిల్లకు ఉన్నది.

"ఫోటో నిజం కాదు గదా, కేసు ఎట్లయితది" అని ఎవరన్నా అంటే నమ్మకుండ్రి. అట్లాంటి ఫోటో చేసుడు, పంపుడు, దాన్ని పెట్టి బెదిరిచ్చుడు, అన్నీ నేరమే.

ఇంకొకటి. మిషిన్ ఒళ్ళును పుట్టిస్తది గానీ, మొకాన్ని ఎక్కడికెల్లో ఒక కాడికెల్లి తీసుకోవాలె. ఆ మొకం ఏ ఫోటోలది? ఆ ఫోటో ఎవరెవరి దగ్గరున్నది? పిల్ల నిమ్మలంగ చూసి గుర్తు చేసుకోవాలె.

చదువు మాత్రం ఒక్క పూట సుత ఆపొద్దు.

ఆ తల్లి ఎవరో నాకు తెలుసనే అనుకుంటున్న. ఆమెకు ధైర్యం నేర్పేటంత పెద్దదాన్ని కాను, నా ధైర్యమే ఆమె పెట్టింది. నీకు మాట్లాడ రానప్పుడు మాట్లాడకు. నేను మాత్రం ఫోన్ చేతిలనే పెట్టుకొని ఉంట.

నీ పెద్దబిడ్డ
అంజలి


తాండూరు,
ఆగస్టు 31

బిడ్డా,

ఠాణా కాడికెల్లి ఫోన్ చేసినప్పుడు నీకు రెండు ముక్కలే చెప్పిన. చుట్టు మంది ఉండె. ఇప్పుడు అంత రాస్త.

సహస్రే అని నీకు ఎట్ల తెలిసిందని అడగను. నా రాతల్లనే తెలిసి ఉంటది. ఫోన్ల అయితే నా గొంతు వణుకుతదని కాయితం మీద దాసుకున్న. కాయితం సుత దాయలే.

నీ ఉత్తరం దానికి చదివి వినిపిచ్చిన. "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు" అన్న కాడ ఆగి, మొకం చూసి ఇంకోసారి చెప్పిన. అప్పుడు ఏడ్చింది. అంతకుముందు ఏడువనే లేదు బిడ్డా, చెక్క లెక్క కూసున్నది. ఏడ్చినంక లేచి అన్నం పెట్టుకొని తిన్నది.

చిన్నాయినకు నేనే చెప్పిన. "ఇజ్జత్ పోతది, ఎవరికి తెల్వనియ్యకు" అన్నడు. "తెల్వనియ్యకపోతే వాని చేతులనే ఉంటది మన ఇజ్జత్" అన్న. తర్వాత అంగీ తొడుక్కొని, "నడువుండ్రి" అన్నడు. ముగ్గురం ఠాణాకు పోయినం. ఒక మేడం సహస్రను వేరే అర్రల కూసోపెట్టుకొని మాట్లాడింది. ఫోటోలు తీసెయ్యాలెనని ఇన్‌స్టాగ్రాం కంపెనీకి సుత రాసిండ్రు.

ఇంటికొచ్చినంక నాకు ఒకటి తోచింది. వాడు చెప్తనని గదా భయపెట్టేది. వానికంటే ముందు నేనే చెప్తే? మా మహిళా సంఘం మీటింగ్‌ల లేచి నిలబడ్డ. "నా బిడ్డ ఫోటోలని మీ ఫోన్లకు ఏమన్నా రావచ్చు. అవి మిషిన్ చేసినవి. వస్తే నాకు చెప్పుండ్రి. ఇంకొకరికి పంపినోళ్ళ పేరు పోలీసులకు చెప్త. ఎనుకంగ గుసగుస పెట్టకుండ్రి, అడిగేదుంటే ఇప్పుడే నన్నడుగుండ్రి" అన్న. మా పక్కింటి పద్మారాణి వచ్చి నా పక్కన నిలబడ్డది, అంతే.

రెండు రోజులకు వాడు నిజంగనే పంపిండు. కాలేజీ పిల్లలకు కొందరికి వచ్చినయి. పంపినోని వివరం తీసి ఆ పిల్లలే మాకు ఇచ్చిండ్రు.

ఆ మొకం సంగతి. సహస్ర చూసి చూసి గుర్తు పట్టింది. పోయినేడు దోమ ఊర్ల బీరప్ప బోనాల కాడ తీసిన ఫోటో. నొసట పసుపు బండారి సుత తుడువలే. అది ఎక్కడా పెట్టలేదంటున్నది. మన చుట్టాల గ్రూపుల తప్ప. పోలీసోళ్ళకు చెప్పింది. మనోళ్ళల్లనే ఉన్నడా అంజలీ?

మల్లీశ్వరి


వికారాబాద్,
సెప్టెంబర్ 9

చిన్నమ్మా,

కూసొని చదువు.

సంతోషే. సైబర్ వాళ్ళు పరిగి దుకాణంల కంప్యూటర్, ఫోన్లు పట్టుకున్నరు. అన్నీ అండ్లనే ఉన్నయి. ఒప్పుకున్నడు.

వాళ్ళ ఊరి బీరప్ప బోనాల ఫోటో అని నువ్వు రాసినప్పుడే నాకు ఆయన మీదికి మనసు పోయింది. చెప్పలేదు. రుజువు లేకుంట ఒక మనిషి పేరు రాస్తే, నేను సుత ఆయన చేసిన పనే చేసినట్టు అయితది. మా సారుకు మాత్రం, వీళ్ళు నా సొంతోళ్ళు, ఈ కేసుల నన్ను పెట్టొద్దు అని రాసిచ్చిన.

సభకు ఆ ఎర్ర అక్షరాల ఫ్లెక్సీ కొట్టిచ్చింది అదే కంప్యూటర్ మీద. దాన్ని విప్పి అవతల పడేసిన. నాకు ఇప్పుడు ఫ్లెక్సీ అక్కర లేదు, నోరున్నది.

ఇగ చుట్టాలు వస్తరు. అందరు మంచి మాటలే మాట్లాడుతరు. ఏం చెయ్యాలెనో నేను చెప్పను. సహస్ర ఏమంటదో అది చెయ్యిండ్రి.

అంజలి


తాండూరు,
సెప్టెంబర్ 27

బిడ్డా అంజలీ,

వచ్చింది. హన్మమ్మ వదినె.

పొద్దుగాలనే దిగింది. నీళ్ళిస్తే ముట్టలే. సంతోష్‌ను రిమాండ్‌కు తీస్కపోయినప్పటి సంది బుక్కెడు తిన్నట్టు లేదు. మొగడు పోయినంక ఒక్కతే సాదుకున్న కొడుకు. ఆమెను చూస్తే నాకు పాపం అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలె.

"తమ్మీ, మేనల్లున్ని జైలుకు పంపుతవా? తెల్వక చేసిండురా. పిల్లను చేత్తోని ముట్టిండా? ఉత్త బొమ్మ. కేసు వాపసు తీసుకో" అని చిన్నాయిన చేతులు పట్టుకున్నది. ఆయన నేల చూపులు చూసుకుంట ఉన్నడు. నాకు భయమైంది, ఎక్కడ మెత్తవడ్తడో అని.

అర్రలకెల్లి సహస్ర వచ్చింది. "అత్తా, ఉత్త బొమ్మ అయితే నేను అన్ని రోజులు అద్దంల నా మొకం నేను ఎందుకు చూసుకోలేకపోయిన? చున్నీ నిండుగ కప్పుకొని సుత బజార్ల బట్టలు లేనట్టే ఎందుకు నడిచిన?" అన్నది. గట్టిగ అనలే. మామూలుగనే అడిగింది.

అప్పుడు చిన్నాయిన తల ఎత్తిండు. "అక్కా, వాడు నా మేనల్లుడే. కాదంటలేను. ఇది నా బిడ్డ" అన్నడు. పెండ్లయిన ఇన్నేండ్లల్ల ఆయన మీద నాకు గంత గౌరవం ఎన్నడు పుట్టలే.

వదినె లేచింది. "ఇగ నా గడప తొక్కకుండ్రి" అని పోయింది. బస్టాండ్ దాక ఎనుక పోదామని చెప్పులేసుకున్న. మళ్ళ ఇప్పిన.

సహస్ర సంగతి చెప్త. కాలేజీల పిల్లలందరి ముందు మాట్లాడింది. లెక్చరర్లు అడగలేదు, ఇదే పోయి అడిగింది. "మొకం నాది, ఫోటో నాది కాదు. ఇది నాకు జరిగింది, నేను చేసింది కాదు" అని మొదలుపెట్టిందట. స్క్రీన్‌షాట్ ఎట్ల తియ్యాలె, ఎవరికి చెప్పాలె, ఫోటో వచ్చినోళ్ళు ఏం చెయ్యాలె, అన్నీ చెప్పింది. నీ ఉత్తరంల మాటలే, దాని నోట్ల ఇంకా సూటిగ వచ్చినయట. అయిపోయినంక ఒక పిల్ల దీని ఎనుకనే మన దుకాణం దాక వచ్చింది. ఫాల్ కుట్టాలెనని చీర తెచ్చింది. చీర ముచ్చట మర్సిపోయి, దానికి సుత గిట్లనే అయితున్నదని చెప్పుకొని ఏడ్చింది. సహస్ర ఆ పిల్లను ఎంటవెట్టుకొని ఠాణాకు పోయింది. నేను దుకాణంల కూసొని ఆ చీరకు ఫాల్ కుట్టిపెట్టిన.

మల్లీశ్వరి


వికారాబాద్,
నవంబర్ 6

చిన్నమ్మకు,

నిన్న దోమ ఊర్ల సభ అయింది. ఇంకెవరినన్నా పంపుమని సారును అడుగుదామని రెండుసార్లు పోయి వాపసు వచ్చిన. అన్ని ఊర్లకు పోయి దోమకు పోకపోతే నా మాటకు విలువేమున్నది?

పంచాయతీ కాడ మంది మస్తు వచ్చిండ్రు. దేవప్ప తాత గొర్ల ముచ్చట చెప్పి నవ్విపిచ్చిన. తర్వాత ఫోటోల సంగతికి వచ్చిన. పేర్లు చెప్పలే. చెప్పకున్నా అందరికి తెలుసు. అప్పుడే చూసిన, ఎనుక స్తంభం కాడ హన్మమ్మత్త నిలబడి ఉన్నది.

అప్పుడే ముందు కుర్చీల కూసున్న మహేందర్ పటేల్ లేచిండు. "ఇదంతా ఎందుకమ్మా? ఆడపిల్లల చేతికి ఫోన్లు ఇచ్చుడే తప్పు. గుంజుకుంటే సరిపాయె" అన్నడు. మస్తు మంది తలలు ఊపిండ్రు. ఆడోళ్ళు సుత. నేను జవాబు చెప్పేలోపల ఎనుక నుంచి గొంతు వచ్చింది.

"పటేలా, ఆడపిల్ల చేతిల ఫోన్ గుంజుకుంటవు. నా కొడుకు తలకాయల ఉన్నదాన్ని ఎట్ల గుంజుకుంటవు?"

అందరు తిరిగి చూసిండ్రు. అత్త స్తంభం ఇడిసి ముందుకు వచ్చింది.

"నా కొడుకు మీద కేసయిందని మీ అందరికి తెలుసు. ఎందుకయిందో ఒక్కరు నా మొకం మీద అడగలే. నేనే చెప్త. నా తమ్ముని బిడ్డ వాన్ని చేసుకోనన్నది. అన్నదని, మిషిన్‌తోని ఆ పిల్ల బట్టలు ఊడగొట్టి మందికి చూపిచ్చిండు. ఆ పిల్ల ఫోటో ఎక్కడా పెట్టలే, ఫోన్‌ల ఎవనితోని మాట్లాడలే. బోనం ఎత్తుకున్నది, అంతే. దీంట్ల ఆ పిల్లది ఏం తప్పున్నదో చెప్పు పటేలా." ఆయన కూసున్నడు. "నేను సుత ఉత్త బొమ్మ అన్న. పోయి వాళ్ళ ఇంట్లనే అన్న. మనం ఆడపిల్లకు తల దించుకోమని చెప్తం, పయ్యెద సర్దుకోమని చెప్తం. వద్దంటే ఊకోవాలెరా అని మొగపిల్లగానికి చెప్పలే. నేను చెప్పలే. మీరన్నా చెప్పుకోండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలే చిన్నమ్మా. నేను రాసుకున్న మాటలు ఇంక ఉన్నయి గానీ, వాటితోని పనేమున్నది? మైకు బంద్ చేసిన.

పోయేటప్పుడు అత్త నా దగ్గర ఆగింది. "సహస్ర చదువు నడుస్తున్నదా?" అని అడిగింది. తెలుసుకొని చెప్త అన్న. జనం పక్కకు జరిగి బాట ఇచ్చిండ్రు. ఆమె ఎంట ఎవరు పోలే. ఒక్కతే నడుచుకుంట పోయింది.

అంజలి


తాండూరు,
నవంబర్ 10

బిడ్డా అంజలీ,

నీ ఉత్తరం నేను చదివి, చిన్నాయినకు చదివి వినిపిచ్చిన. పెరట్లకు పోయి చానసేపు మొకం కడుక్కున్నడు.

కేసు వాపసు తీసుకునేది లేదు. కోర్టు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోతం, ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పోతం. దాంట్ల నాకు రెండో ఆలోచన రాలే. వాడు చేసిన పనికి వాడు జవాబు చెప్పుకోవాలె.

కానీ మందిల లేచి అన్ని మాటలు అన్న మనిషి, ఇంటికి పోయి తలుపేసుకొని ఎవరితోని మాట్లాడుతది? పొయ్యి ముట్టిస్తదా లేదా? అదే నా మనసుల తిరుగుతున్నది.

సహస్రను అడిగిన. "నేను దోమకు పోదామనుకుంటున్న. నువ్వు వద్దంటే పోను. దీంట్ల నీ మాటే మాట" అన్న. పుస్తకం మూసి నా దిక్కు చూసింది.

"పో అమ్మా. నేను ఇప్పుడే రాలేను. ఎప్పుడన్నా వస్తనో, రానో, అది సుత ఇప్పుడే చెప్పలేను" అన్నది. నేను సంచి సర్దుకుంటుంటే మళ్ళ వచ్చి నా పక్కన కూసున్నది. "అత్త అడిగింది గదా. చదువు నడుస్తున్నదని చెప్పు. పీజీ ఎంట్రన్స్‌కు తయారైతున్న, హైదరాబాద్‌ల సీటు వస్తది అని చెప్పు. వస్తదేమో అనకు, వస్తది అనే చెప్పు."

రేపు మొదటి బస్సుకు పోతున్న. దుకాణం బంద్.

నీ చిన్నమ్మ
మల్లీశ్వరి